లేబుల్ పడని బ్యాగు

ఇంటర్నెట్ వస్తోందా అంటే వస్తోంది. గురువారం సాయంత్రం ఫిర్దోస్ చూసుకున్నది అంతే. మొన్నటి ఉరుముల వానకు వనపర్తి రక్తనిధిలో రౌటర్ మాడిపోతే, కొత్తది తెచ్చి బిగించింది. తన ఫోన్‌లో ఒక వంట వీడియో పెట్టి చూసింది. అది ఎక్కడా ఆగకుండా ఆడేసరికి తృప్తిపడి, టూల్‌బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పని అయిందో లేదో చూడకుండా, అయినట్టు కనబడితే చాలనుకునే జబ్బు మన మెకానిక్కులు చాలామందికి ఉంది. ఆరేళ్ళ సర్వీసులో ఫిర్దోస్‌కు ఆ జబ్బు లేదు. ఆ ఒక్క సాయంత్రమే వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు రక్తనిధి టెక్నీషియన్ తౌఫీక్ ఫోన్ చేశాడు.

“ఫిర్దోస్, లేబుల్స్ వస్తలేవు. అమానత్ కనబడ్తనే లేదు. గద్వాల నుంచి మనిషొచ్చి కూసున్నడు. జల్ది రా.”

స్కూటీ మీద నాలుగు నిమిషాల దారి. అంతలోనే ఆమెకు సగం సంగతి అర్థమైపోయింది. నిన్న వీడియో చూసింది గానీ అమానత్‌ను చూడలేదు.

అమానత్ అంటే ఒక నల్లపెట్టె. రక్తనిధిలో రెండే కంప్యూటర్లు. కౌంటర్ మీద ఉన్నది విండోస్‌ది, దాని పక్కనే లేబుల్ ప్రింటర్. లోపలి గదిలో, ఇనుప అల్మారాలో, స్క్రీనూ కీబోర్డూ ఏమీ లేకుండా లైనక్స్ మీద నడిచేది ఈ నల్లపెట్టె. రక్తాన్ని పరీక్షించే మిషన్ తన ఫలితాలను రౌటర్‌తో పనిలేకుండా వేరే వైరు మీద నేరుగా దీనికే పంపుతుంది. కౌంటర్లో కూర్చున్న మనిషి విండోస్‌లోంచి ఈ పెట్టె ఫోల్డర్ తెరిచి బ్యాగు నంబరు వేస్తే, పెట్టె తన దగ్గరున్న ఫలితం చూసుకుని, లేబుల్‌ను విండోస్ దగ్గరి ప్రింటర్‌కు పంపుతుంది. మధ్యలో ఎవరూ ఫలితాన్ని చేత్తో దిద్దడానికి వీల్లేకుండా ఐదేళ్ళ కిందట రజాక్ కట్టిన ఏర్పాటు అది. నమ్మి అప్పగించిన సొత్తు కాబట్టి అమానత్ అని పేరు పెట్టాడు. రజాక్ అప్పట్లో వనపర్తిలో కంప్యూటర్ దుకాణం నడిపేవాడు, ఫిర్దోస్‌కు పని నేర్పిన ఉస్తాద్ ఆయనే. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాడు. పెట్టె పాస్‌వర్డ్ కూడా ఆయనతో పాటే అక్కడుంది.

రక్తనిధి బెంచీ మీద ఒక పెద్దాయన ఖాళీ ఐస్‌పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ధోవతి మోకాళ్ళ దాకా దుమ్ము పట్టి ఉంది. గట్టు అనే ఊరి దగ్గర మెట్టసేద్యం చేసుకునే వెంకటయ్య. కూతురు వర్షకు తెల్లవారుజామున గద్వాలలో కాన్పయింది. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగుంది, తల్లికి మాత్రం రక్తం ఆగడంలేదు. ఆమెది ఓ నెగెటివ్. ఎక్కడ పడితే అక్కడ దొరికే గ్రూపు కాదు. గద్వాలలో ఉన్న ఒక్క బ్యాగూ ఎక్కించేశారు. కర్నూలులో లేదన్నారు, పాలమూరులో లేదన్నారు. వనపర్తిలో ఒకటుందని తెలిసి, ఊరివాళ్ళ కారు మాట్లాడుకుని, ఆమె రక్తం నమూనా జేబులో పెట్టుకుని వచ్చాడు.

“మూడింటి లోపల తేవాలన్నది డాక్టరమ్మ,” అన్నాడు వెంకటయ్య. “ఈడికెళ్ళి గంట పడ్తది. రేపు పెబ్బేరు సంత, తొవ్వంత ఎడ్ల బండ్లు, డీసీఎం లారీలు. రెండుకల్ల ఎల్లకుంటే అందది బిడ్డా.”

“బ్యాగు ఉంది గద తౌఫీక్ భాయ్?”

“ఉంది. కానీ ఇటు రా,” అని తౌఫీక్ ఆమెను లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు.

బుధవారం గట్టు శిబిరంలో పద్దెనిమిది మంది రక్తం ఇచ్చారు. గురువారం పొద్దున సందీప్ అనే ఇంకో టెక్నీషియన్ వాటన్నిటికీ పరీక్షలు చేశాడు. రౌటర్ మాడిపోయి ఉండటంతో లేబుళ్ళు పడలేదు. లేబుల్ పడని బ్యాగును వాడదగ్గవి పెట్టే ఫ్రిజ్‌లోకి మార్చకూడదు కాబట్టి పద్దెనిమిదీ ఒకే చోట ఉండిపోయాయి. సందీప్ ఇవాళ సెలవు పెట్టి బంధువుల పెళ్ళికి వెళ్ళాడు.

“ఫోన్ చేసిన ఆయనకు,” అన్నాడు తౌఫీక్. “పద్దెనిమిదిట్ల ఒకటి చెడ్డది వచ్చిందంట. కామెర్ల రోగం. అది ఏ నంబరో యాదికి లేదంటుండు. ఫలితం పెట్టెలకు పోయింది గద అని పరీక్ష చేసిన ప్లేట్ పారేసిండు.”

“అప్పటికప్పుడు తేలే కార్డు పరీక్ష చేస్తే?”

“ఆ కార్డులే లేవు. అయిపోయి వారమాయె. మిషన్ల మళ్ళ పెడితే నాలుగు గంటలు పడ్తది. బ్యాగు మీద దాత చెప్పిన గ్రూపు పెన్నుతోని రాసుంది, పేషెంటు నమూనాతోని కలిపి చూసిన, కలిసింది. కలవంగనే అయిపాయెనా? లోపల రోగముంటే?”

ఫిర్దోస్ ఫ్రిజ్ వైపు చూసింది. ఫ్రిజ్‌లో ఉన్నది మందో విషమో చెప్పగలిగింది ఒక్క అమానతే. దాని నోరు నొక్కింది తానే.

కూర్చుని పనిలో పడింది. రెండు కంప్యూటర్లనూ ఆపి మళ్ళీ పెట్టింది. వైరు మార్చింది. అల్మారా తెరిచి చూస్తే పెట్టె పచ్చలైటు బుద్ధిగా ఆడుతోంది. అంటే బతికే ఉంది, విండోస్‌తో మాట కలవడంలేదంతే. కొత్త రౌటర్ జాబితాలో విండోస్ ఉంది, తౌఫీక్ ఫోన్ ఉంది, ఆఖరికి పక్కింటివాళ్ళ టీవీ కూడా చేరిపోయింది. అమానత్ మాత్రం లేదు.

ఎందుకు లేదో ఒంటిగంటకు తెలిసింది. ప్రతి కంప్యూటర్‌కూ అంకెల్లో ఒక చిరునామా ఉంటుంది. పాత రౌటర్ ఒక పేట చిరునామాలు పంచేది, కొత్తది ఇంకో పేటవి పంచుతోంది. చెప్పిన మాట వినే విండోస్ నిన్న సాయంత్రమే కొత్త పేటకు మారిపోయింది. అమానత్‌కు మాత్రం రజాక్ చేత్తో రాసిపెట్టిన చిరునామా, అది చచ్చినా కదలదు. ఆ పేట ఏదో తెలిస్తే విండోస్‌ను మళ్ళీ అక్కడికే పంపవచ్చు. ఉండటానికి రెండు వందల యాభై ఆరు పేటలున్నాయి. కొత్త రౌటర్ బిగించే ముందు పాత చిరునామా రాసుకోవాలని రజాక్ ఆమెకు మొదటి వారంలోనే నేర్పాడు. రాసుకోలేదు. తనను తాను చెంప మీద కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

రజాక్‌కు ఫోన్ చేసింది. ఎత్తింది ఆయన భార్య కుల్సుమ్‌బీ. వాళ్ళిద్దరి మాటలూ ఉర్దూలోనే సాగాయి గానీ మనం తెలుగులో విందాం.

“చాచీ, ఉస్తాద్‌కు ఇయ్యి. జర అర్జెంటు.”

“ఈరోజు జుమ్మా గద బేటీ, మసీదుకు పోయిండు. శుక్రవారం ఫోన్ ఇంట్లనే పెట్టి పోతడు. లోపల మోగితే ఇమాం సాబ్ చూపుకే సచ్చిపోవాలె.”

“ఎప్పుడొస్తడు?”

“నమాజ్ అయినంక కబ్రస్తాన్‌కు పోయి వాళ్ళమ్మ సమాధి కాడ ఫాతెహా చదివి వస్తడు. మూడు కొడ్తది.”

“ఎవరినన్న పంపి పిలిపియ్యి చాచీ, నీ కాళ్ళు మొక్కుత.”

“ఎవరిని పంపాలె? ఇంట్ల మొగోళ్ళంత ఆడనే ఉన్నరు. వాకిట్ల ఒక మేక ఉంది. ఏమైంది బేటీ, ఏడుస్తున్నవా?”

ఫిర్దోస్ ఏడవడంలేదనే చెప్పింది, ఏడుపు గొంతుతోనే. రక్తనిధి పెట్టె నంబరు ఎక్కడైనా రాసిపెట్టాడా, డైరీ గానీ కాగితం గానీ ఉందా అని అడిగింది.

“ఆయన ఏం రాస్తడు? ఏది పెట్టినా ఒకటే నంబర్ గద! బండికి అదే, ఫోన్‌కు అదే, బీరువా తాళానికి అదే. మొన్న కరెంటు మీటర్ నంబర్ల కూడ అదే ఉండాలని లైన్‌మన్‌తోని లొల్లి పెట్టుకున్నడు.”

“ఏ నంబర్ చాచీ?”

“సాత్ సౌ ఛియాసీ. ఇంకేముంటది?”

ఏడొందల ఎనభై ఆరు. బిస్మిల్లాకు గుర్తుగా పెద్దలు వాడే అంకె. ఆ అంకె ఉన్న పది రూపాయల నోటు చేతికొస్తే రజాక్ ఖర్చు పెట్టడు, మడిచి పర్సులో దాస్తాడు. ఫిర్దోస్ ఫోన్ పెట్టేసి కాగితం మీద ఆ మూడంకెలు రాసుకుంది. చిరునామాలో ఏ అంకే 255 దాటకూడదు, కాబట్టి 786ను ఒకే చోట ఇరికించడం రజాక్ వల్ల కూడా కాదు. విడదీసే ఉంటాడు. ఏడూ ఎనభై ఆరా? డెబ్భై ఎనిమిదీ ఆరా?

తల ఎత్తేసరికి తౌఫీక్ ఫ్రిజ్ ముందున్నాడు. పెన్నుతో ఓ నెగెటివ్ అని రాసున్న ఏడో నంబరు బ్యాగు అతని చేతిలో ఉంది. వెంకటయ్య ఐస్‌పెట్టె మూత తెరిచి పట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నవ్ తౌఫీక్ భాయ్?”

“డాక్టరమ్మ మళ్ళ ఫోన్ చేసింది. నాడి దొరుకుత లేదంట. ఒకటిన్నర అయ్యింది.” అతని చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. “పద్దెనిమిదిట్ల ఒకటే చెడ్డది. పదిహేడు మంచియే గద.”

“ఇదే ఆ ఒకటైతే?”

“నేను వేలిముద్ర ఏస్త,” అన్నాడు వెంకటయ్య. “ఏమైనా నాదే బాధ్యత అని రాసిస్త. రోగమొస్తే తర్వాత చూసుకుంటం. మందులుంటయి. ఇప్పుడు నెత్తురు లేకుంటే పిల్ల ఉండది. తొవ్వ ఇడువు బిడ్డా.”

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అడ్డం వచ్చిందో ఆమెకే తెలియదు. ఆపడానికి తానెవరు? డాక్టర్ కాదు, టెక్నీషియన్ కాదు, వైర్లు బిగించే మనిషి. ఈ బ్యాగు మంచిదే అయి, తాను ఆపినందుకు అక్కడ ఆ పిల్ల చచ్చిపోతే? నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి, రెండుసార్లు తానే చంపినట్టు. అసలు నియమం కోసం ఆపుతోందా, తన తప్పును తానే సరిదిద్దుకున్నానని అనిపించుకోవడానికి ఆపుతోందా? తేల్చుకోలేకపోయింది. అయినా పక్కకు జరగలేదు.

“పది నిమిషాలు ఇయ్యి కాకా. పెట్టె తాళం దొరికింది. పది నిమిషాల్ల అది నోరు ఇప్పకుంటే నేనే నిన్ను బండి ఎక్కిస్త.”

వెంకటయ్య గోడ గడియారం వైపు చూశాడు. కూర్చోలేదు, ఐస్‌పెట్టె మూత కూడా వేయలేదు. తౌఫీక్ అప్పటికే బ్యాగును అందులో పెట్టేశాడు.

ఫిర్దోస్ విండోస్ చిరునామాను ఏడో పేటకు మార్చింది. మొదటి రెండంకెలు ఎక్కడైనా అవే, మూడోది పేట, నాలుగోది ఇంటి నంబరు: 192.168.7.86ను పిలిచింది. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. నాలుగు వరసలు, నాలుగింటికీ అదే మాట, సమయం మించిపోయిందని. వెనక వెంకటయ్య ఊపిరి వినబడుతోంది. ఒక అంకె తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టింది. డెబ్భై ఎనిమిదో పేట. 192.168.78.6.

వెంటనే జవాబొచ్చింది. వెంట వెంటనే నాలుగు.

“దొరికింది!” అని అరిచింది. అమానత్ ఫోల్డర్ ఎప్పటిలాగే తెరుచుకుంది. తౌఫీక్ ఒక్క గెంతులో వచ్చి ఏడో నంబరు వేశాడు. ముగ్గురూ ప్రింటర్ వైపు తిరిగారు. అది కదలలేదు. అర నిమిషం గడిచింది. తౌఫీక్ మూత ఎత్తి చూశాడు, కాగితం ఉంది. నంబరు మళ్ళీ వేశాడు. ఊహూ.

“ఇగ నేను పోత,” అన్నాడు వెంకటయ్య. గొంతులో కోపం కూడా మిగల్లేదు. ఐస్‌పెట్టె మూత వేసి పట్టీ బిగించాడు.

ఫిర్దోస్ అతని వైపు తిరగలేదు. తిరిగితే చేతిలో పని ఆగిపోతుందని తెలుసు. ఇక్కడి నుంచి పిలిస్తే పెట్టె పలుకుతోంది. పెట్టె అక్కడి నుంచి లేబుల్ పంపితే ఇక్కడ అందడంలేదు. అంటే తలుపు ఇటువైపే మూసుంది. ఎందుకు మూసుంది? కొత్త నెట్‌వర్క్ కనబడగానే విండోస్ దాన్ని బస్టాండులాంటి బజారు చోటుగా లెక్క వేసి, బయటివాళ్ళెవరూ ప్రింటర్ ముట్టకుండా గడియ పెట్టుకుంటుంది. సెట్టింగుల్లోకి పోయి చూసింది. అదే. ‘పబ్లిక్’ అని ఉంది. ‘ప్రైవేట్’ అని మార్చింది.

ప్రింటర్ ఒక్కసారి గర్‌ర్‌మంది. ఆగి ఉన్న లేబుల్ బయటికొచ్చింది. వెంకటయ్య గుమ్మం దాటినవాడు ఆ చప్పుడుకు వెనక్కి తిరిగాడు.

తౌఫీక్ లేబుల్ చింపి చూశాడు. చూసి ఫిర్దోస్‌కు ఇచ్చాడు. బ్యాగు నంబరు ఏడు. గ్రూపు ఓ నెగెటివ్. దాని కింద లావు అక్షరాలతో, వాడరాదు.

ఆ చెడ్డ బ్యాగు ఇదే.

వెంకటయ్యకు చదువు రాదు గానీ వాళ్ళ ముఖాలు చదవడానికి చదువు అక్కర్లేదు. ఐస్‌పెట్టెను నేలమీద దించి, దాని పక్కనే కూలబడ్డాడు. ఇప్పటిదాకా కళ్ళనీళ్ళు పెట్టుకోని మనిషి తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఉన్న ఒక్కటీ పోయింది. ఫిర్దోస్ ఆ లేబుల్‌ను చేతిలో పట్టుకుని, దీనికోసమా ఇంత పాకులాడింది అనుకుంది.

“మిగిలినయి కూడ వెయ్యి,” అంది తౌఫీక్‌తో.

“అవి వేరే గ్రూపులు గద.”

“మీద రాసింది దాతలు నోటితోని చెప్పిన గ్రూపు. మిషన్ ఏమన్నదో చూస్తం. వెయ్యి భాయ్.”

తౌఫీక్ వరసగా నంబర్లు వేశాడు. ప్రింటర్ ఒక్కొక్కటే కక్కుతోంది. బీ పాజిటివ్. ఓ పాజిటివ్. ఏ పాజిటివ్. బీ పాజిటివ్. పన్నెండో నంబరు లేబుల్ రాగానే తౌఫీక్ చెయ్యి ఆగిపోయింది. అది కురుమూర్తి అనే ట్రాక్టర్ డ్రైవర్ ఇచ్చిన బ్యాగు. లైసెన్సు మీద ఓ పాజిటివ్ అని ఉందట, అదే చెప్పాడు, అదే రాశారు. లేబుల్ మీద ఓ నెగెటివ్ అని ఉంది. వాడవచ్చు అని ఉంది.

ఇక తౌఫీక్ చేతులకు రెక్కలొచ్చాయి. బ్యాగు తీసి, వర్ష నమూనాతో ఆపదలో చేసే చిన్న పరీక్ష చేశాడు. పది నిమిషాలు పట్టింది. కలిసింది. రెండూ పదికి ఏడో నంబరు బ్యాగు ఐస్‌పెట్టెలోంచి బయటికొచ్చి, దాని చోట ఈ బ్యాగు పడింది.

వెంకటయ్య బయటికి నడుస్తూ, మెట్ల దగ్గర ఫిర్దోస్ తలమీద చెయ్యి పెట్టాడు.

“నువ్వు అడ్డం నిలబడకపోతే ఆ పాడు నెత్తురు నా బిడ్డకే ఎక్కేది. నీ కడుపు సల్లగుండ తల్లీ.”

ఆ దీవెన ఆమెకు భరించరానిదయింది. మింగేసి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. ఊరుకోలేకపోయింది.

“కాకా, తప్పు నాదే. నిన్న మిషన్ బిగించి సరిగ్గ చూడకుండ పోయిన. చూసుంటే నువ్వొచ్చిన పావుగంటల మంచి బ్యాగు తీస్కొని పోతుంటివి.”

వెంకటయ్య ఆమె ముఖంలోకి చూశాడు. పన్నెండుంబావుకు వచ్చాడు, ఇప్పుడు రెండుంబావు కావస్తోంది. ఆ లెక్క అతని కళ్ళలో కనబడింది. తలమీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఐస్‌పెట్టెను ఒడిసిపట్టుకుని కారెక్కాడు.

ఫిర్దోస్ ఇంటికి వెళ్ళలేదు. కొత్త రౌటర్‌ను కూడా డెబ్భై ఎనిమిదో పేటకు మార్చి, కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చుంది. తౌఫీక్ టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది. మూడున్నరకు ఒకసారి, నాలుగుకు ఒకసారి అతను గద్వాలకు ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే మంచిదో చెడ్డదో తెలియక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు.

అయిదుంబావుకు తౌఫీక్ ఫోన్ మోగింది. అతను చేతికి గ్లవ్స్ ఉండటంతో మోచేత్తో స్పీకర్ మీద పెట్టాడు.

“సారూ, నేను వెంకటయ్యను. బిడ్డ బతికింది.”

ఫిర్దోస్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

“మూడుం బావుకు అందిచ్చిన. ఎక్కిచ్చిన్రు. కానీ అప్పటికే ఆలస్యమైందని ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేసిన్రు సారూ. గంట ముందు నెత్తురొస్తే తీసేది లేకుండె అన్నది డాక్టరమ్మ.” గొంతు తగ్గించాడు. “ఆ మిషన్ల పిల్ల ఉంది గద. పరేషాన్ అయితుండొచ్చు. నా బిడ్డ బతికిందని చెప్పు. ఇది మాత్రం చెప్పకు సారూ. పసిది, తట్టుకోలేదు.”

తౌఫీక్ స్పీకర్ ఆపబోయాడు. గ్లవ్స్ వేలికి ఆ బటన్ నొక్కుకోలేదు.